జేసీబీ దిగకముందే కంచె: పాలమూరు చెలకలో పెద్ద చెట్లను కొలిచి నిలబెట్టిన తీరు

మహబూబ్‌నగర్ శివారులో, రాయచూరు రోడ్డు వైపు, ఏడెకరాల చెలక. అందులో హాస్టల్ భవనం, లోపలి రోడ్లు, ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు రావాలి. ఒకప్పుడు సాగైన భూమి కాబట్టి గట్ల మీద వేపలు, చింతలు ఉన్నాయి. పాత బావి పక్కన ఒక మర్రి, నడుమ రెండు ఇప్పలు, ఒక నారేప, పల్లపు మూలలో ఈతలు, తాళ్లు. మా చేతికొచ్చిన ప్లానులో వీటన్నిటికీ ఒకే సైజు పచ్చ సున్నాలు పెట్టారు. మర్రికీ అంతే, మూడేళ్ల కానుగకీ అంతే. చెట్లకు జరిగే నష్టం చాలావరకు ఆ సున్నాల దగ్గరే మొదలవుతుంది. సున్నాకు అర మీటరు ఇవతల గోడ గీసినవాళ్లు చెట్టు దక్కిందనే అనుకుంటారు.

కొట్టేసిన చెట్టు లెక్కలో కనబడుతుంది, దానికి బదులు మొక్కలు నాటమని ఎవరో ఒకరు అడుగుతారు. ఉంచామని చెప్పిన చెట్టు మూడో ఏటో నాలుగో ఏటో పైనుంచి ఎండుకుంటూ వస్తే అది ఎవరి ఖాతాలోనూ పడదు. కాంట్రాక్టరు అప్పటికి బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు, చెట్టుకు తెగులు వచ్చిందంటారు. అసలు కారణం దాదాపు ఎప్పుడూ మట్టిలోనే ఉంటుంది. నీరు పీల్చే పిల్లవేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలో ఉండి, కొమ్మల అంచు దాటి చాలా దూరం పాకుతాయి. ఇక్కడి చెలకల్లో అది మరీ ఎక్కువ. అడుగున్నర, రెండడుగుల ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. లోతుకు దారి లేక వేరు పక్కలకే పోతుంది. ‘చింతకు తల్లివేరు పాతాళంల ఉంటది, పైన తవ్వితే ఏం గాదు’ అని మేస్త్రీలు చెప్పే మాట ఈ నేలకు అతకదు. నల్లగొండ వైపు నల్లరేగడి ఉన్నచోట వేరు కాస్త లోతుకు దిగుతుంది. కానీ తడి మీద ఒక్క టిప్పరు తిరిగినా మట్టి అణిగిపోయి గాలి ఆడదు.

అందుకే చెట్ల సర్వే లేఅవుట్ ఖరారు కాకముందే జరగాలి. గీత గీశాక లెక్కపెడితే ఏమవుతుందో బీజాపూర్ రోడ్డు చూపించింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణలో తొమ్మిది వందల దాకా మర్రులు దారిలోకి వచ్చాయి, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయి పని ఏళ్ల తరబడి ఆగింది.

సర్వేకు ఏ నెల అన్నది కూడా చిన్న విషయం కాదు. ఆకును చూసి ఆరోగ్యం అంచనా కడితే ఇక్కడ రెండు కాలాల్లో మోసపోతాం. ఎండలు ముదిరేవేళ ఇప్ప, రావి, నారేప ఆకు రాల్చి మోడుగా నిలబడతాయి, అవి చావలేదు. రెండోది వేప. కొన్నేళ్లుగా తెలంగాణ అంతటా వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా వేపకు కొమ్మ ఎండు తెగులు వస్తోంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రానికి టీ దోమ తోడై, చిగుళ్లు మాడి చెట్టంతా మంటలో కాలినట్టు కనబడుతుంది. వాటిలో చాలా చెట్లు వేసవి నాటికి మళ్లీ చిగురిస్తాయి. అక్టోబరులో చూసి రిజిస్టరులో ‘ఎండినది’ అని రాస్తే, ఆ ఒక్క మాటే దాన్ని కొట్టడానికి కాగితమవుతుంది. అనుమానమున్న చెట్టుకు నాలుగైదు చోట్ల చిటికెన వేలంత కొమ్మల మీద గోటితో బెరడు గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే.

కొలత మాను మీద నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీస్తాం, మన అటవీ లెక్కల్లో రొమ్ము ఎత్తు అంటే అదే. వాలు నేలయితే ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తులో బుడిపె ఉంటే దానికి పైనో కిందో సాఫీగా ఉన్నచోట. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం. కొమ్మల విస్తారం నాలుగు దిక్కులకూ విడివిడిగా రాయాలి. గట్టు మీది చింత పొలం వైపు తొమ్మిది మీటర్లు చాచి రోడ్డు వైపు నాలుగే చాచి ఉంటుంది, సగటు రాస్తే ఆ సంగతి పోతుంది. అన్నిటికన్నా కింది కొమ్మ నేల నుంచి ఎంత ఎత్తులో, ఏ వైపు ఉందో కూడా రాయాలి. టిప్పరు తొట్టి లేపినప్పుడు, కాంక్రీటు పంపు బూమ్ తిప్పినప్పుడు విరిగేది అదే. సర్వే ఫారాల్లో ఈ గడి చాలావాటిలో ఉండదు.

నంబరు వేయడానికి బెరడు చెక్కి ఎర్ర రంగు పూసే అలవాటు మానాలి. బెరడు కింది పచ్చిపొర తెగిన చోటు నుంచే పుచ్చు మొదలవుతుంది. గరుకు బెరడు మీదే బ్రష్షుతో రాస్తే కనబడుతుంది. లేదా అల్యూమినియం బిళ్లను కొబ్బరి తాడుతో వదులుగా కట్టాలి. బైండింగ్ వైరుతో కడితే మాను లావయ్యే కొద్దీ అది బెరడులోకి కోసుకుపోతుంది. చెట్టు ఎక్కడుందో ఫోన్ జీపీఎస్‌తో గుర్తిస్తే మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే, గోడ పడే జాగా నిర్ణయించడానికి అది పనికిరాదు. సర్వేయర్ టోటల్ స్టేషన్ (కచ్చితంగా కొలిచే సర్వే యంత్రం) పెట్టిన రోజునే చెట్ల పాయింట్లు కూడా తీయించుకోవాలి. మాను నడిమి పాయింటు అందదు కాబట్టి ముందు వైపు పాయింటు తీసి వ్యాసంలో సగం కలపాలి. మూడడుగుల వ్యాసమున్న మానుకు ఈ సగం వదిలేస్తే అడుగున్నర తప్పు.

లోపల డొల్ల ఉందో లేదో చూడటానికి రబ్బరు సుత్తి, ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప చువ్వ చాలు. చుట్టూ కొడుతూ పోతే డొల్ల ఉన్నచోట చప్పుడు మారుతుంది, తొర్రలో చువ్వ ఎంత లోపలికి దిగుతుందో రాసుకోవాలి. మాను మొదట్లో నేలను అంటి గట్టి పుట్టగొడుగులు పలకల్లా వచ్చాయంటే లోపల వేరుకుళ్లు ఉందనుకోవాలి, ఆ చెట్టు కింద మనుషులు కూర్చునే చోటు పెట్టొద్దు. బెరడు మీద చెదల మట్టి చూసి బెంబేలెత్తక్కర్లేదు, అవి పై ఎండు బెరడు తింటున్నాయేమో ముందు చూడాలి. చెదలు కొమ్మ లోపలికి చేరితే కథ వేరు. దానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఇదే ఊరి పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడింది. సందర్శకులను ఆపేసి, క్లోరోపైరిఫాస్ కలిపిన నీళ్లను సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు, బరువు కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు, ఊడలకు పైపులు తొడిగి నేలదాకా దించారు. అంత చెట్టుకు అంత ఖర్చు న్యాయమే. ప్రతి మర్రికీ ఆ వైద్యం అడిగితే ఎవరూ చేయించరు.

చెట్లను నాలుగు తరగతులు చేశాం. ఈ విభజన బ్రిటిష్ ప్రమాణం 5837 నుంచి వచ్చింది. ఇంకో 40 ఏళ్లు నిలిచేవి, 20 ఏళ్లు నిలిచేవి, కనీసం పదేళ్లు నిలిచేవి లేదా ఇంకా లేతవి, పదేళ్లు కూడా నిలవనివి. జాతి విలువ ఇక్కడి లెక్క ప్రకారం కలపాలి. ఇప్ప నెమ్మదిగా పెరుగుతుంది, నాటితే మనవల కాలానికి చెట్టవుతుంది. నారేప చేవ గట్టిదనం చెప్పక్కర్లేదు, ఈ బండనేలను తట్టుకునేదీ అదే. జమ్మి మాను సన్నగా ఉన్నా ముసలిదై ఉండవచ్చు, పైగా రాష్ట్ర వృక్షం, దసరాకు ఊరు వచ్చే చోటు. సైజు చూసి దాన్ని నాలుగో తరగతిలో పడేయొద్దు. సుబాబుల్, నీలగిరి దారికి అడ్డమొస్తే మేం పట్టుబట్టలేదు.

ఇక అసలు లెక్క, వేరు రక్షణ వలయం, అంటే చెట్టు చుట్టూ తవ్వకం, బండ్లు రాకూడని నేల. వ్యాసాన్ని 12తో గుణిస్తే వలయం అర్ధవ్యాసం వస్తుంది. గట్టు మీది వేప చుట్టుకొలత 210 సెంటీమీటర్లు. వ్యాసం 67, అంటే మాను నుంచి అన్ని వైపులా 8 మీటర్లు, దాదాపు 200 చదరపు మీటర్ల నేల. 314 సెంటీమీటర్ల చింతకు 12 మీటర్లు. మొదట్లోనే రెండుగా చీలిన చెట్టుకు రెండు వ్యాసాల వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి. 120, 150 చుట్టుకొలతల చెట్టుకు వ్యాసాలు 38, 48, కలిపితే 61, వలయం 7.3 మీటర్లు. ఎంత పెద్ద చెట్టుకైనా ఈ పద్ధతిలో 15 మీటర్లు దాటించరు. తాటి, ఈతలకు ఈ గుణకారం వర్తించదు, వాటి వేర్లు పీచులా మొదలు చుట్టూ వస్తాయి, మట్టల అంచుకు ఒక మీటరు అవతల గీస్తే సరిపోతుంది. మర్రికి కూడా మాను కొలత నమ్మొద్దు. నేలకు దిగిన ప్రతి ఊడా ఒక మానే, అన్నిటికన్నా అవతలి ఊడ నుంచి కొలవాలి.

ఎనిమిది మీటర్లు అనేసరికి మీటింగులో అందరూ నవ్వుతారు. అక్కడ బేరానికి ఒక హద్దు తెలిసి ఉండాలి. ఆస్ట్రేలియా ప్రమాణం 4970 ప్రకారం వలయం విస్తీర్ణంలో పదో వంతు వరకు పోయినా, ఆ మేరకు ఇంకో వైపు నేల వదిలితే, చెట్టు తట్టుకుంటుంది. ఆ వేపకు 20 చదరపు మీటర్లన్నమాట. అంతకు మించితే వేర్లు ఎటు పోయాయో చేత్తో తవ్వి చూసి తేల్చాలి. మానుకు దాదాపు 3 మీటర్ల లోపలికి మాత్రం ఏ కారణంతోనూ రాకూడదు. చెట్టును గాలికి నిలబెట్టే లావు వేర్లు అక్కడే ఉంటాయి, అవి తెగితే చెట్టు ఎండదు, పడిపోతుంది.

వలయాలు గీసిన ప్లాను బల్ల మీద పెడితే చాలా మార్పులు పోట్లాట లేకుండానే జరిగాయి. సెప్టిక్ ట్యాంకు ఇప్పల నుంచి అవతలి మూలకు పోయింది, రోడ్డు కాస్త వంగింది. మొండికేసింది ప్రహరీ. ఏ సైటులోనైనా చెట్లను ఎక్కువగా చంపేది ప్రహరీయే, ఎందుకంటే పాత చెట్లు ఉండేది గట్ల మీద, గోడ పడేదీ గట్టు మీదే. రెండున్నర అడుగుల లోతు, రెండడుగుల వెడల్పు కందకం వరుసగా తవ్వి రాతి పునాది వేస్తే ఒక వైపు వేర్లన్నీ ఒక్కరోజులో తెగుతాయి. దానికి బదులు వేపల వరుస పొడవునా పిల్లర్లు వేయించాం. మూడు మీటర్లకొకటి, రెండడుగుల చదరపు గుంత, గడ్డపారతో తవ్వినది. పిల్లర్ల మీద నేలకు నాలుగంగుళాలు పైన బీము, దాని మీద గోడ. గుంతలో లావు వేరు తగిలితే పిల్లరును అడుగో అడుగున్నరో జరిపి, బీము కడ్డీల లెక్క సరిచూసుకోవాలి. ఇది ముందే చెప్పి డ్రాయింగులో ‘జరపవచ్చు’ అని రాయించుకోకపోతే మేస్త్రీ జరపడు, వేరునే నరుకుతాడు. కాంక్రీటు పోసే ముందు గుంతకు ప్లాస్టిక్ షీటు పరవాలి, పచ్చి సిమెంటు క్షారం వేరును కాలుస్తుంది. ఖర్చు తగ్గించాలంటే ఈ వరుస మేరకు రాతి కడీలు పాతి జాలీ కట్టినా పనవుతుంది.

అనుమతుల గురించి క్లుప్తంగా. కొట్టక తప్పని చెట్లకు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి, దరఖాస్తుకు మన సర్వే రిజిస్టరు, ఫొటోలు జతచేస్తే పరిశీలనకు వచ్చినవాళ్ల పని తేలికవుతుంది. తాటి, ఈతల మాట వస్తే ఆబ్కారీ శాఖను, కల్లుగీత సొసైటీని అడగకుండా చెయ్యి వేయొద్దు.

కంచె జేసీబీ కంటే ముందు లేవాలి. నేల చదును చేయడమే మొదటి పని కాబట్టి నష్టం ఎక్కువగా మొదటి రోజునే జరుగుతుంది. సుతిలి కట్టి, ముగ్గు పోసి వలయం గీశాక, ఇనుప యాంగిళ్లు లేదా సర్వీ బాదులు రెండు మీటర్లకొకటి పాతి, ఆరడుగుల చైన్‌లింక్ జాలీ బిగించాలి. రిబ్బను, పచ్చ పరదా, సున్నం గీత కంచె కిందికి రావు. తొలగించడానికి పానా కావాల్సివచ్చేదే కంచె. గేటు పెట్టొద్దు. గేటున్న కంచె లోపల వారం తిరిగేసరికి సిమెంటు సంచులు ఉంటాయి. ఒక్కో చెట్టుకు విడిగా కాకుండా దగ్గరదగ్గర చెట్ల వలయాలన్నీ కలిపి ఒకే కంచెగా వేస్తే సామాను తగ్గుతుంది, మధ్యలో కంకర పోసే జాగా కూడా మిగలదు.

తేలిక బండ్లు పోవడానికి ఒక చింత వలయంలోంచి దారి ఇవ్వక తప్పలేదు. అక్కడ నేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఆరంగుళాల మందాన కొమ్మల చిప్పర, అంటే చిన్న చెక్కముక్కలు, పోసి, దాని మీద ఇనుప ప్లేట్లు వేయించాం. అలాంటి పొర తేలిక బండ్లకైతే సరిపోతుంది, నిండు టిప్పరుకు చాలదు. మిర్యాలగూడ మిల్లుల వరి ఊక చవక కదా అని కొందరు అదే పోస్తారు. బరువు పడగానే అణిగిపోతుంది, గాలికి ఎగురుతుంది, బీడీ నిప్పుకు అంటుకుంటుంది. కొట్టేసిన సుబాబుల్ కొమ్మలనే చిప్పరగా కొట్టించుకోవడం మేలు.

కంచె బయట కూడా కొన్ని కాపలా కాయాలి. మిక్సరు కడిగిన నీళ్ల క్షారత 12 పీహెచ్ దాకా ఉంటుంది, కడిగే చోటు కంచెకు పది మీటర్ల అవతల, పల్లం వైపు ఉండాలి. కూలీల గుడిసెలు, పొయ్యిలు నీడ కోసం చెట్టు కిందికే వస్తాయి. ఎవర్నీ తప్పుపట్టలేం, ఏప్రిల్ ఎండలో నీడ లేకుండా ఉండమనడం అన్యాయం. వేరే చోట రేకుల షెడ్డు, తాగునీళ్లు ముందే ఏర్పాటు చేస్తేనే కంచె నిలుస్తుంది. ఈ పద్దు అంచనాల్లో పెట్టించడానికి చాలా వాదించాలి.

పైపులు, కేబుళ్ల కందకాలు చివర్లో వస్తాయి, అప్పటికి కంచె మీద శ్రద్ధ సన్నగిల్లి ఉంటుంది. జేసీబీ పళ్లు వేరును కోయవు, పట్టి లాగుతాయి. కందకంలో తెగినట్టు కనబడ్డ వేరు మాను వైపు మీటరు దాకా లోపలే చీలి ఉంటుంది. అందుకే వలయంలో యంత్రం వద్దు, గడ్డపార, పార మాత్రమే. బొటనవేలు మందం, అంటే 25 మిల్లీమీటర్ల లోపు వేరును పదునైన రంపంతో అడ్డంగా నున్నగా కోయొచ్చు. అంతకు మించినవాటిని ఉంచి పైపును వాటి కిందుగా దూర్చాలి. బయటపడ్డ వేర్లకు తడి గోనెసంచి చుట్టి ఆ రోజే మట్టి కప్పాలి, మే నెల ఎండకు పిల్లవేరు గంటల్లో ఎండుతుంది. కోసిన చోట తారు పూయడం ఇక్కడ ఆనవాయితీ. దానివల్ల మేలు లేదు, నున్నని కోత చాలు.

లెవెల్ పెంచడం కూడా నరకడంతో సమానమే. చింతల దగ్గర ఒకటిన్నర అడుగుల మొరం నింపి రోలర్ తిప్పాలని ప్లాను. ఆ కింద వేర్లకు గాలి అందదు, రెండు మూడేళ్లకు పై కొమ్మలు ఎండుతాయి. వలయం అంచున సిమెంటు లేని రాతి కట్ట కట్టి, లోపల పాత లెవెల్ అలాగే ఉంచి, వాననీరు నిలవకుండా ఒక వైపు తూము వదిలించాం. మర్రి కింద రచ్చకట్ట కావాలని యాజమాన్యం అడిగింది. మామూలుగా కట్టే తీరులో మాను చుట్టూ గోడ కట్టి రెండడుగుల మట్టి నింపి పైన గచ్చు చేస్తారు. తడి మట్టి ఆనిన బెరడు కుళ్లుతుంది. పొట్టి రాతి కాళ్ల మీద తాండూరు బండలు పరిచి, కింద ఖాళీ ఉంచి, మానుకు మీటరు దూరం వదిలితే కూర్చోవడానికి అదే సుఖం. మాను చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ విషయంలో చెప్పింది, వాదనకు పనికొస్తుంది.

‘ఎందుకీ తంటా, పీకి ఇంకోచోట నాటుదాం’ అన్న మాట ప్రతి సైటులో వస్తుంది. మర్రి, రావి, జువ్వి, మేడి కొమ్మలన్నీ కోసి నాటినా చిగురిస్తాయి కాబట్టి వార్తల్లో కనబడేవి అవే. పెద్ద చింత, ఇప్ప, వేపలకు ఆ నమ్మకం లేదు, ఈత బతుకుతుంది, తాటి బతకడం కష్టం. బరువు లెక్క వేసి చూపిస్తే సగం ఉత్సాహం తగ్గుతుంది. నాలుగు మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు మట్టిగడ్డ 15 ఘనపు మీటర్లు, పాతిక టన్నులు, చెట్టు బరువు అదనం. చెలకలో ఆ గడ్డ నిలవదు, క్రేను ఎత్తగానే ఎర్రమట్టి రాలిపోతుంది. తప్పనిసరైతే వానాకాలంలో ఒక పక్క, కొన్ని నెలలకు రెండో పక్క వేర్లు కోసి, కొత్త పిల్లవేర్లు వచ్చాక లేపాలి. టెండరు గడువుల్లో అంత ఓపిక ఎవరికీ ఉండదు.

పని నడిచినన్నాళ్లూ వేర్లు పోయిన చెట్లకు నీళ్లు కావాలి. వ్యాసం సెంటీమీటరుకు 15 లీటర్లు లెక్క, 67 సెంటీమీటర్ల వేపకు ఒక్కో తడికి వెయ్యి లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకరు ఐదు చెట్లకు. మాను మొదట్లో పోస్తే వృథా, కొమ్మల అంచు కింద చిన్న కట్ట కట్టి మెల్లగా ఇంకనివ్వాలి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా, పని ముగిశాక ఇంకో రెండు వేసవులు. యూరియా వేయొద్దు, వేరు తగ్గిన చెట్టుకు ఆకు పెంచితే దాహం పెరుగుతుంది.

కంచె విప్పే రోజు కూడా ఒక వరుస ఉంది. యంత్రాలన్నీ గేటు దాటాకే విప్పాలి, తోట పని కాంట్రాక్టరు ట్రాక్టరుతో దున్ని లాన్ వేస్తానంటే అతనికీ ఇదే నియమం. అణిగిన చోట్ల గడ్డపారతో అడుగు లోతు రంధ్రాలు అడుగున్నరకొకటి వేసి, మాగిన పెంట, ఇసుక నింపాలి. రిజిస్టరు చేతబట్టి ప్రతి నంబరు దగ్గరా ఆగి, మొదటి ఫొటో నిలబడి తీసిన చోటు నుంచే మళ్లీ ఫొటో తీయాలి. ఒప్పందంలో చెట్ల కంచెను మీటరు లెక్కన బిల్లు వచ్చే పనిగా, అనుమతి లేకుండా తెగిన లావు వేరుకు జరిమానాగా రాయించుకున్నాం, చెట్ల పేరిట కొంత డిపాజిట్టు రెండో వేసవి దాటేదాకా ఆపేలా కూడా. సైటు ఇంజినీరు మారినా ఆ కాగితం మారదు. ఆ రెండో వేసవి తర్వాత జులైలో, చిగుళ్లు ముదిరాక, చివరి తనిఖీ. పై కొమ్మల చివర్లు ఎండాయా, ఆకు సైజు తగ్గిందా, మానుకు మొదట్లో కొత్త పిలకలు గుంపుగా వచ్చాయా చూసి, డిపాజిట్టు వదలాలో ఆపాలో ఆ మూడింటిని బట్టే రాస్తాం.